నిన్నేం తిన్నారు? – మెట్ట పల్లెల్లో తిండి లెక్క, తిండి జ్ఞాపకం

నిన్న పొద్దుట్నించి రాత్రిదాకా ఏమేం తిన్నారు? జాతీయ పోషకాహార పర్యవేక్షణ సంస్థ 1972లో మొదలై 2015లో మూతపడేదాకా మన రాష్ట్రంలో కూడా ఇంటింటా అడిగించిన ప్రశ్న ఇది. వండిన ఆడమనిషి ముందు కొలత గిన్నెలు పెట్టి, ఎంత వండావు, ఎవరికెంత పెట్టావు అని అడుగుతారు. మనుషులు మర్చిపోతారన్న సంగతి శాస్త్రజ్ఞులకీ తెలుసు. చేలో నమిలిన పచ్చి కందికాయలు లెక్కలోకి రావు. బాగా తిన్నవాళ్ళు తగ్గించి, అరకొరగా తిన్నవాళ్ళు పెంచి చెబుతారు. ఎన్ని రోజుల తిండి అడిగామన్నదాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. 1999-2000 జాతీయ నమూనా సర్వేలో ఏడు రోజులు, ముప్పై రోజులు అని రెండు గడులు పక్కపక్కనే పెట్టారు. పేదరికం 36 శాతం నుంచి 26 శాతానికి దిగిందన్నారు. అంత తగ్గుదల నిజమా, గడుల మాయా అని ఆర్థికవేత్తలు ఏళ్ళ తరబడి కొట్లాడుకున్నారు.

మా ప్రశ్న వేరు. మాల మాదిగ పల్లెల్లో చెప్పనిదంతా మర్చిపోయిందేనా?

1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట నీళ్ళు డెల్టాకి పారాయి గానీ జగ్గయ్యపేట, నందిగామ మెట్టకి ఎక్కలేదు. (2022 నుంచి ఇది ఎన్టీఆర్ జిల్లా.) ఇక్కడి పాత తిండి జొన్న. మాకు అమ్మమ్మ వరసయ్యే ఒక ముసలామె నాటి కూలి గింజల్ని ఇప్పటికీ సోలలు, తవ్వలు, మానికల్లో చెబుతుంది. ఆసామి కొలత ఎంత చిన్నదో చేతులతో చూపిస్తుంది. ఆమెకి సంవత్సరాలు తెలియవు. "రెండ్రూపాయల బియ్యం రాకముందు" అంటుంది, అంటే 1983కి ముందు. కడుపు కొట్టినచోట జ్ఞాపకం తప్పదు.

అదే మనిషిని, మొన్న ఆదివారం ఏం కూర అమ్మమ్మా అని అడిగాం. "పప్పేలే నాయనా" అంది. చూరు కింద దండెం మీద తునకలు ఎండుతున్నాయి! మేం కాగితాలు మూశాక ఆ కూరే పెట్టింది. "ఇది మాత్రం రాయమాక" అంది. చదువుకుని ప్యాంటేసుకొచ్చిన మనవణ్ణి కూడా ఆమె సర్కారు మనిషి కిందే కట్టింది.

ఇది మతిమరుపు కాదు. జాతీయ సర్వేలో పెద్దకూర తినేవాళ్ళు ఏడు శాతమని తేలితే, నిజానికి పదిహేను శాతం దాకా ఉండొచ్చని 2018లో బాల్ముర్లి నటరాజన్, సూరజ్ జాకబ్ రాశారు. అడిగేవాడి కులం, ఊళ్ళో చూపులు, 1977 గోవధ నిషేధ చట్టం అన్నీ ఆ 'పప్పు' అనే మాటలో ఉన్నాయి.

అయితే చెప్పకపోవడాన్నంతా భయం ఖాతాలో వేస్తే అదీ తప్పే. 1927లో మహద్‌లో అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానమన్నాడు. అలా మానినవాళ్ళది పౌరుషం. "మేం మానేశాం" అని ఎవరన్నా అంటే ఏది మానారు, చచ్చినదా, కొనుక్కునేదా అని అడగాలి. మన పరిశోధకులం ఆ రెండో ప్రశ్న అడగం. అడగడానికి మనకే సిగ్గు. క్లాసులో క్యారియరు మూత సగమే తెరిచి తిన్నవాళ్ళం కదా.

ఆ అమ్మమ్మ కాగితంలో కూలి గింజల గడి నిండింది. కూర గడిలో మేం 'పప్పు' అని రాయలేదు. ఆమె వద్దన్న మాటా రాయలేదు. "చెప్పలేదు" అని రాశాం.