ఫిన్లాండ్ జాతీయ ఆస్తమా కార్యక్రమం

ఉబ్బసాన్ని తొలిదశలోనే పట్టుకుని, పెద్దాసుపత్రి దాకా పోనివ్వకుండా స్థానిక ఆరోగ్య కేంద్రంలోనే అదుపు చేసేందుకు ఫిన్లాండ్ 1994 నుంచి 2004 వరకు నడిపిన ప్రజారోగ్య పథకం ఇది. రూపకర్తల్లో ముఖ్యుడు వైద్యుడు తారి హాహ్తెలా. అమలులో తోడ్పడిన ఫిల్హా సంస్థ 1907లో క్షయ నివారణ సంఘంగా పుట్టింది.

శ్వాసనాళాలు బిగుసుకోవడమే ఉబ్బసమన్న భావన చాలాకాలం సాగింది. అందుకే నాళాలను వదులు చేసే మందులకే ప్రాధాన్యం ఉండేది. అసలు జబ్బు నాళాల లోపొరలోని వాపు. జబ్బు కొత్తగా బయటపడినవారికి నాళాలను వదులు చేసే టెర్బ్యుటలిన్ కంటే పీల్చే స్టెరాయిడ్ బుడెసొనైడ్ మేలని హాహ్తెలా బృందం 1991లో చూపింది. పథకానికి ఆ అవగాహనే పునాది.

అయితే పథకం ప్రత్యేకత మందులో కన్నా దాన్ని జనానికి చేర్చిన తీరులో ఉంది. ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, నర్సులకు శిక్షణ ఇచ్చి, ఆస్తమా బాధ్యులుగా కొందరిని నియమించారు. మందుల షాపులనూ కలుపుకున్నారు. ఇన్‌హేలర్ సరిగా పీల్చడం రాకపోతే ఎంత మంచి మందైనా గొంతులోనే ఆగిపోతుంది. ఆ పద్ధతి నేర్పడం ఫార్మసిస్టుల పనుల్లో ఒకటైంది. ఊదే బలాన్ని పీక్‌ఫ్లో మీటరుతో ఇంట్లోనే కొలుచుకుని, అది తగ్గినప్పుడు ముందే రాసిచ్చిన సూచన ప్రకారం మోతాదు పెంచుకోవడం రోగులకు నేర్పారు.

1993లో దేశంలో ఉబ్బస రోగులు ఆసుపత్రుల్లో గడిపిన రోజులు సుమారు 1,10,000. 2003 నాటికి 51,000. మరణాలు 123 నుంచి 85కు తగ్గాయి. అదే కాలంలో మందులు వాడేవారు 1.35 లక్షల నుంచి 2 లక్షలు దాటారు కనుక ఈ తగ్గుదలను తేలిగ్గా తీసుకోలేం. ఒక్కో రోగిపై ఏటా అయ్యే ఖర్చును సగానికి తేవాలన్న లక్ష్యం మాత్రం నెరవేరలేదు. అది 36 శాతమే తగ్గింది.

ఈ ఫలితమంతా ఇన్‌హేలర్ ఖాతాలో వేయడం సరికాదు. ఫిన్లాండ్ 1976లోనే పొగాకు నియంత్రణ చట్టం చేసింది, 1995లో పని ప్రదేశాల్లో పొగతాగడాన్ని కట్టడి చేసింది. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు సీఓపీడీకి 1998–2007 మధ్య వేరే పథకం నడిపింది. ఉబ్బస పథకం ముగిశాక 2008లో మొదలైన పదేళ్ల అలర్జీ కార్యక్రమం, పడని వస్తువులకు అనవసరంగా దూరంగా ఉండమనే పాత సలహాను పక్కనపెట్టి, శరీరపు ఓర్పును పెంచడానికి పెద్దపీట వేసింది.