దొరల బ్యాండూ, దీక్షితులవారి పిల్లలూ, మా చిన్నదీ

రెండు వందల ఏళ్ళ కిందటి మాట. మద్రాసుకు ఉత్తరాన మణలి అనే ఊరుంది. ఆ ఊరి ముదలియార్లు కంపెనీ దొరల దగ్గర దుబాసీలు. దుబాసీ అంటే ద్విభాషి, రెండు భాషలు వచ్చినవాడు. అటు దొరలకూ ఇటు మనవాళ్ళకూ మధ్య మాట నడిపించి బాగా గడించినవాళ్ళు. వాళ్ళకు సంగీతమంటే ప్రాణం. తిరువారూరు నుంచి రామస్వామి దీక్షితులు అనే విద్వాంసుణ్ణి పిలిపించి, కుటుంబంతో సహా మణలిలోనే ఉంచుకున్నారు. సెయింట్ జార్జి కోటలో దొరల బ్యాండు వాయిస్తుంటే వినడానికి ముదలియారుగారు ఈ దీక్షితులవారినీ, ఆయన కొడుకుల్నీ వెంటబెట్టుకుని వెళ్ళేవారట.

రామస్వామి దీక్షితులంటే సామాన్యుడు కాదు. హంసధ్వని రాగం ఆయన సృష్టే. ఆయన రచనలు ఎక్కువగా తెలుగులోనే ఉన్నాయి. అంత సంప్రదాయజ్ఞుడు కదా, ఆ ఇత్తడి బూరాలూ డప్పులూ మన పిల్లలకెందుకని అనుకోవచ్చు. అనుకోలేదు. ఆ పిల్లల్లో పెద్దవాడు ముత్తుస్వామి దీక్షితులు. త్యాగరాజు, శ్యామశాస్త్రులతో కలిపి మనం త్రిమూర్తులంటామే, ఆయనే. అందరికంటే చిన్నవాడు బాలుస్వామి, 1786లో పుట్టాడు.

ఈ కథ నాకు డిగ్రీలో చదివినప్పటి నుంచీ తెలుసు. కానీ దాని గురించి కూర్చుని ఆలోచించింది మాత్రం ఈ మధ్యనే, మా చిన్నదాన్ని కచేరీకి తీసుకెళ్ళాక.

మాది విజయనగరం. ఊళ్ళో సంగీతం నేర్చుకున్న పాతిక మంది కలిసి ఒక వాద్యబృందం కచేరీ పెట్టారు. ఫిడేళ్ళే పది దాకా ఉన్నాయి. వీణలు, వేణువులు, మృదంగం, ఘటం సరేసరి. టిక్కెట్టు లేదు. నాకు వెళ్ళాలని ఉంది. మావారికి ఆ వారం సెకండ్ షిఫ్టు. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, ఆరేళ్ళ పిల్ల వెంట పరిగెత్తలేరు. అబ్బాయికి ఇంటర్ ట్యూషను. అంటే చిన్నది వస్తే నేను వెళ్ళినట్టు, అది రాకపోతే నేనూ ఇంట్లో ఉన్నట్టు. పదేళ్ళుగా నా కచేరీలన్నీ ఈ లెక్కలోనే పోయాయి. ఈసారి వెళ్ళాం.

ముందు వాతాపి గణపతిం వాయించారు, హంసధ్వనిలో. తండ్రి చేసిన రాగంలో కొడుకు కట్టిన కీర్తన అది. పిల్ల బాగానే కూర్చుంది. రెండో కీర్తనకి కాళ్ళు ఊపడం మొదలుపెట్టింది, మూడో దానికి కుర్చీ కింద దూరింది. అప్పుడు, చిన్నపిల్లలు కూడా వచ్చారు కాబట్టి రెండు నోట్టుస్వరాలు వాయిస్తామని చెప్పి మొదలుపెట్టారు. రెండోది వినగానే మాది కుర్చీ కింద నుంచి లేచి, హాలంతా వినబడేలా, "అమ్మా! ట్వింకిల్ ట్వింకిల్!" అని అరిచింది.

ముందు వరసలో ఉన్న పెద్దాయన వెనక్కి తిరిగి, "ఇలాంటి చోట్లకి చిన్నపిల్లల్ని ఎందుకు తెస్తారమ్మా?" అన్నారు. కోపంగా కాదు, విసుగ్గా. ఆయన విసుగూ న్యాయమే, వినడానికి వచ్చారు మరి. నేను పిల్లనెత్తుకుని వరండాలోకి వెళ్ళాను. తలుపు తెరిచే ఉంది, మిగతా కచేరీ అక్కడి నుంచే విన్నాను. అది మృదంగానికి తగ్గట్టు వరండా అంతా గెంతింది.

కానీ దాని మాట తప్పేం కాదు. ఆ వాయించినది శ్యామలే మీనాక్షి. ముత్తుస్వామి దీక్షితులవారి రచన. వరుస మాత్రం అచ్చంగా ట్వింకిల్ ట్వింకిల్‌దే.

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. ఆ వరుస ఇంగ్లీషువాళ్ళది కూడా కాదు, ఫ్రాన్సులో పద్దెనిమిదో శతాబ్దంలో పాడుకున్న పాటది. మోజార్ట్ దాని మీద పన్నెండు రకాలుగా అల్లి పియానోకు రాశాడు. జేన్ టేలర్ అనే ఇంగ్లీషావిడ రాసిన నక్షత్రం పద్యం 1806లో అచ్చయింది, తర్వాతెప్పుడో అది ఈ వరుసకు అతుక్కుంది. మన ఎల్‌కేజీ పిల్లలు ఏబీసీడీలు పాడేదీ ఈ వరుసలోనే. అదే వరుస ఓడెక్కి మద్రాసు వచ్చింది, అక్కడ దీక్షితులవారి చెవిన పడి సంస్కృతంలో మీనాక్షీదేవి పాట అయింది. అలాంటివి ఆయన నలభై దాకా కట్టారు. వాటినే నోట్టుస్వరాలంటారు. ఆ నోట్టు ఏమిటో అనుకునేరు, ఇంగ్లీషు 'నోట్' అనే మాటే. బ్రిటిషు రాజుగారి ప్రార్థన గీతం వరుసలో కూడా ఒకటుంది, సంతతం పాహిమాం అని. రాజును కాపాడమని దేవుణ్ణి అడిగే వరుసలో ఈయన అమ్మవారిని తలుచుకున్నారు. నాకిది తలుచుకుంటే నవ్వొస్తుంది.

ఆ బ్యాండులో రకరకాల వాద్యాలు ఒకేసారి వేరువేరు స్వరాలు పలికి, అన్నీ కలిసి ఒక నిండుదనం తెస్తాయి. దీక్షితులవారు దాని జోలికి పోలేదు. పై వరుస ఒక్కటే తీసుకున్నారు. అది మన శంకరాభరణం స్వరాల్లో ఇమిడిపోయింది. గమకాలు లేవు, సంగతులు లేవు, స్వరం స్వరం విడివిడిగా తిన్నగా నడుస్తుంది. అందుకే ఈనాటికీ సంగీతం మొదలుపెట్టిన పిల్లలకు శక్తిసహిత గణపతిం లాంటివి నేర్పిస్తారు. ఇలాంటి పాటల్ని పెద్ద విద్వాంసులు కొందరు తేలిగ్గా చూస్తారు. నేనలా చూడలేను. మహా వాగ్గేయకారుడు, కృతి మొదలుపెడితే రాగం మొత్తం అందులో పోతపోసేవాడు, పిల్లల నోటికి అందేవి నలభై కట్టి ఇచ్చాడంటే అది చిన్న విషయమా?

అదే కోటకు వెళ్ళిన తమ్ముడు బాలుస్వామికి పాటల కంటే ఫిడేలు మీద మనసు పోయింది. ముదలియారుగారు ఒక దొరను మాట్లాడి మూడేళ్ళ పాటు నేర్పించారు. అంతవరకూ మన గాయకుల పక్కన ఎక్కువగా వీణే ఉండేది. ఫిడేలుకు మెట్లు లేవు కాబట్టి వేలు జార్చుకుంటూ గొంతులోని గమకం ఎటు పోతే అటు పోగలదు. గొంతు వెనకాలే నడిచే వాద్యం మనకు దొరికినట్టయింది. ఆ తర్వాత తంజావూరు అన్నదమ్ములు నలుగురిలో ఒకడైన వడివేలు, ఈయన ముత్తుస్వామి దీక్షితుల శిష్యుడే, ఫిడేలు వాయించి తిరువాన్కూరు మహారాజు స్వాతి తిరునాళ్ చేత 1834లో దంతపు ఫిడేలు బహుమానం పొందాడు. అంటే ఒక తరం తిరిగేసరికే దొరల వాద్యం రాజాస్థానం ఎక్కేసింది. హార్మోనియం కూడా దొరల దగ్గర నుంచే వచ్చింది, దానికి మాత్రం ఈ యోగం పట్టలేదు. గమకం పలకదని ఆకాశవాణి దాన్ని 1940లో గడప దాటించి, దశాబ్దాల పాటు లోపలికి రానివ్వలేదు. ఫిడేలును పరాయిదని ఇవాళ ఎవరైనా అంటే మనమే ఒప్పుకోం.

కచేరీ అయ్యాక పిల్ల వేదిక దగ్గరికి పరిగెత్తి, ఫిడేలు వాయించిన ఒకావిడను పట్టుకుంది. "మామ్మగారూ, టీవీలో నిలబడి గడ్డం కింద పెట్టుకుంటారు కదా. మీరెందుకు కాలి మీద పెట్టుకున్నారు?" ఆవిడ నవ్వి, పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చూపించారు. దొరలు నిలబడో, కుర్చీలో కూర్చునో వాయిస్తారు. మనం నేల మీద బాసింపట్టు వేస్తాం. ఫిడేలు తలను కుడిపాదం మీద ఆనించి, రెండో కొసను ఛాతీకి ఆనిస్తే ఎడమచేతికి దాన్ని మోసే పని ఉండదు, వేళ్ళు ఎంత దూరమైనా జారతాయి. తీగల శ్రుతీ మార్చేశారు మనవాళ్ళు. స-ప-స-ప అని పెట్టుకుంటారు. ఆవిడ ఒక్కో తీగ మీటి వినిపిస్తే పిల్ల కూడా సా, పా అంది. ఆ పెద్దాయన అక్కడే నిలబడి చూస్తున్నారు. ఏమీ అనలేదు.

మా ఊళ్ళో ఫిడేలు గురించి చెప్పి ద్వారం వెంకటస్వామినాయుడుగారి పేరు తలవకపోతే ఊరివాళ్ళు ఊరుకోరు. మహారాజావారి సంగీత కళాశాల 1919లో పెట్టారు. ఆస్థానంలో పనిచేసే ఒకాయనకు చూపు లేని కొడుకుండేవాడని, ఆ కుర్రవాడు సంగీతం నేర్చుకుంటానంటే మహారాజు విజయరామ గజపతి ఏకంగా కళాశాలే పెట్టించారని మా ఊళ్ళో చెప్పుకుంటారు. మొదటి ప్రిన్సిపాలు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు. నాయుడుగారు అక్కడ విద్యార్థిగా చేరదామని వస్తే, ఆయన వాయింపు విన్న దాసుగారు నువ్వు నేర్చుకోవడమేమిటి, నేర్పు అని ఆచార్యుడిగా పెట్టుకున్నారన్నది మా ఊరి ఇష్టమైన కథ. ఆయనకూ చూపు తక్కువే. ఫిడేలు మొదట నేర్పింది సొంత అన్నగారు. పక్కవాద్యంగానే ఉండిపోయిన ఫిడేలుకు ఒంటరిగా కచేరీ చేసే గౌరవం తెచ్చినవాళ్ళలో ఆయన ముందుంటారు. 1936లో ఆ కళాశాలకే ప్రిన్సిపాలయ్యారు.

ఇక ఫిడేలు, వీణ, వేణువు అన్నీ కలిపి వాయించే ఈ వాద్యబృందం పద్ధతి మనకు బాగా అలవాటైంది రేడియో వల్ల. ఆకాశవాణి 1952లో ఢిల్లీలో వాద్యబృందం మొదలుపెట్టింది. హిందుస్తానీ వైపు రవిశంకర్, కర్ణాటక వైపు టి.కె. జయరామయ్యర్ నడిపించారు. తర్వాత మన ద్రాక్షారామం ఆయన, వైణికుడు ఈమని శంకరశాస్త్రిగారు ఆ బాధ్యత చూశారు.

పెద్దాయన అడిగిన ప్రశ్న మాత్రం ఇంటికొచ్చాక కూడా నన్ను వదల్లేదు. ఇలాంటి చోట్లు అంటే ఎలాంటి చోట్లు? నా చిన్నప్పుడు మా అమ్మమ్మ నన్ను శ్రీరామనవమి పందిట్లో హరికథకు తీసుకెళ్ళేది. వినేవాళ్ళు వినేవారు, చంటిపిల్లలు చాపల మీద నిద్రపోయేవారు, వడపప్పూ పానకం అందరికీ వచ్చేవి. దాసుగారు చిడతలు గట్టిగా వాయిస్తే నిద్రపోయేవాళ్ళు లేచి కూర్చునేవారు. సంగీతం గుళ్ళలోనూ, పెళ్ళిళ్ళలోనూ, పందిళ్ళలోనూ ఉన్నన్నాళ్ళు పిల్లలు రాకూడదని ఎవరూ అనలేదు. సభలూ, వరస కుర్చీలూ, టిక్కెట్లూ వచ్చింది నిన్నమొన్న. మద్రాసు మ్యూజిక్ అకాడమీకే 1928 నుంచి లెక్క. నిశ్శబ్దంగా కూర్చుని వినడం మంచిదే, నాకూ అదే ఇష్టం. కానీ పిల్లలు రాకూడదన్న చోటికి వాళ్ళ తల్లులూ రాలేరు. ఆ సంగతి ముందు వరసలో ఉన్నవాళ్ళకు తట్టదు.

దీక్షితులవారింట్లోనూ ఒక ఆడపిల్ల ఉంది. పేరు బాలాంబ. ముగ్గురు అన్నదమ్ములకు ఒక్కతే ఆడపడుచు. కోటకు వెళ్ళిన బండిలో ఆ అమ్మాయి గానీ, వాళ్ళమ్మ గానీ కూర్చుని ఉంటారని నేననుకోను. ఆ రోజుల్లో దొరల కోటకు ఆడవాళ్ళు పోవడమేమిటి అనేవారు. కొడుకులిద్దరూ ఒకే బ్యాండు విని వచ్చి, ఒకడు పాటలు కట్టాడు, ఒకడు వాద్యం అందుకున్నాడు. ఆ పిల్ల కూడా విని ఉంటే ఏం పట్టుకొచ్చేదో అని వంట చేసుకుంటూ చాలాసార్లు అనుకున్నాను.

అయితే ఆ ఇంటి విద్య నిలబడింది మాత్రం ఆడపిల్ల వైపు నుంచే. బాలుస్వామి దీక్షితులు తర్వాత ఎట్టయాపురం ఆస్థానంలో చేరారు. తన కూతురి కొడుకునే దత్తత తీసుకుని పెంచారు. ఆ మనవడే సుబ్బరామ దీక్షితులు. 1904లో ఆయన సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే పెద్ద గ్రంథం అచ్చువేయించారు. ఎట్టయాపురం ఎక్కడో తమిళదేశం దక్షిణాన ఉంది, గ్రంథం మాత్రం తెలుగు. ముత్తుస్వామి దీక్షితులవారి కృతులు వందల సంఖ్యలో స్వరంతో సహా అందులో ఉన్నాయి. విద్వాంసుల జీవిత చరిత్రలూ రాశారు. వాటిలో తన తాతగారి గురించి రాస్తూ, మణలి ముదలియారు ఒక దొర చేత మూడేళ్ళు ఫిడేలు చెప్పించిన సంగతి కూడా రాసిపెట్టారు.