విదేశాల్లో ఇంగ్లీషు బోధన: కృష్ణా డెల్టా అధ్యాపకుల వలస

విజయవాడ, మచిలీపట్నం, గుడివాడ, తెనాలి, గుంటూరు కళాశాలల్లో చదువుకుని, అక్కడే పాఠాలు చెప్పిన ఇంగ్లీషు అధ్యాపకులు విదేశీ బడులకు, విశ్వవిద్యాలయాలకు వెళ్లడం కృష్ణా డెల్టాలో కొన్ని దశాబ్దాలుగా సాగుతున్న ఉద్యోగ వలస. నైజీరియా, ఇథియోపియా, లిబియా, మాల్దీవులు, సౌదీ అరేబియా, ఒమన్ ఇందులో ముఖ్యమైన గమ్యాలు. అమెరికా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వచ్చిన పేరు దీనికి రాలేదు. అయినా ఎన్నో పరదేశపు తరగతి గదుల్లో ఇంగ్లీషు పాఠం తెలుగువారి నోట వినిపించింది.

నేపథ్యం

ఇంగ్లీషు పాఠం కోసం సముద్రం దాటడం ఈ ప్రాంతంలో ఎదురు దిశలో మొదలైంది. చర్చి మిషనరీ సొసైటీ పంపగా 1841లో ఇంగ్లండు నుంచి బందరు (మచిలీపట్నం) వచ్చిన రాబర్ట్ నోబుల్ 1843లో అక్కడ ఇంగ్లీషు పాఠశాల పెట్టాడు. అదే తరువాత నోబుల్ కళాశాల అయింది. 1865లో మరణించేదాకా ఆయన బందరులోనే ఉన్నాడు. తర్వాతి తరంలో స్థానికులే ఆ కుర్చీలో కూర్చున్నారు. 1862లో బందరులో పుట్టిన రఘుపతి వెంకటరత్నం నాయుడు నోబుల్ కళాశాలలో ఇంగ్లీషు బోధించి, అక్కడి నుంచి నిజాం రాజ్యంలోని సికింద్రాబాదు మహబూబ్ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా వెళ్లారు. ఇంగ్లీషు చదువుతో పరాయి సంస్థానంలో కొలువు సంపాదించడానికి అది తొలినాటి ఉదాహరణ.

కాలేజీలు పెరగడానికి కాలువలే ఊతమిచ్చాయి. బెజవాడ (విజయవాడ) దగ్గర కృష్ణపై ఆనకట్ట 1855లో పూర్తయ్యాక డెల్టా మాగాణి అయింది. పంట మిగులు చదువుల మీదికి మళ్లింది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడలోనే మొదలై 1930లో వాల్తేరుకు తరలింది. విజయవాడలో 1937లో ఎస్.ఆర్.ఆర్. కళాశాల, 1953లో ఆంధ్ర లయోలా, 1962లో మేరీస్ స్టెల్లా, 1975లో సిద్ధార్థ కళాశాల వచ్చాయి. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఏటా ఎం.ఏ. ఇంగ్లీషు పట్టాతో బయటికొచ్చేవారు పెరిగారు కానీ, ఆ లెక్కన లెక్చరర్ పోస్టులు పెరగలేదు.

శిక్షణ

1958లో హైదరాబాదులో నెలకొల్పిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ ఈ వృత్తికి శాస్త్రీయ పునాది వేసింది. 1972లో విదేశీ భాషలు కూడా చేరి అది సీఫెల్ అయింది, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా ఇఫ్లూ అయింది. ఈ సంస్థ రాకముందు ఎం.ఏ. ఇంగ్లీషు అంటే షేక్‌స్పియర్, మిల్టన్ చదవడమే. ఇంగ్లీషు ఇంట్లో వినని పిల్లవాడికి ఆ భాష ఎలా నేర్పాలన్న ప్రశ్నను ఈ సంస్థ పాఠ్యాంశంగా మార్చింది. ధ్వనిశాస్త్రం, లాంగ్వేజ్ ల్యాబ్, ప్రశ్నపత్రాల తయారీ నేర్పింది. భారతీయుల ఉచ్చారణ ఇతరులకు ఎంతవరకు అర్థమవుతుందో పరిశీలించిన ఆర్.కె. బన్సల్ గ్రంథం 1969లో ఇక్కడి నుంచే వెలువడింది. సీఫెల్ దూరవిద్య డిప్లొమా పీజీడీటీఈ ఉద్యోగం మానకుండానే చదువుకునే వీలిచ్చింది.

ఆఫ్రికా దశ

1973 తర్వాత చమురు ధర పెరిగి నైజీరియా ఖజానా నిండింది. 1976లో ఆ దేశం సార్వత్రిక ప్రాథమిక విద్య ప్రారంభించింది. బడులు ఒక్కసారిగా పెరగడంతో టీచర్ల కొరత వచ్చి, భారతీయులను పెద్ద సంఖ్యలో తీసుకున్నారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. 1986లో ఆ దేశ కరెన్సీ నైరా విలువ పడిపోయాక జీతం ఇంటికి పంపితే మిగిలేది తగ్గి, ఆ దారి సన్నబడింది.

ఇథియోపియాకు భారతీయ ఉపాధ్యాయులు హైలే సెలాసీ చక్రవర్తి కాలం నుంచే వెళ్లేవారు. తొలి దశలో కేరళవారిదే ఆధిక్యం. తెలుగు అధ్యాపకులకు ఆ దేశం బాగా తెలిసింది 2000 తర్వాత. 1990ల ఆరంభంలో అక్కడ రెండే విశ్వవిద్యాలయాలు ఉండేవి, 2010ల చివరికి నలభై దాటాయి. 1994 విద్యావిధానం ప్రాథమిక చదువును మాతృభాషలో, ఉన్నత పాఠశాల నుంచి పైచదువంతా ఇంగ్లీషులో సాగాలని నిర్దేశించింది. అందుకే ఇంజినీరింగు విద్యార్థికైనా, వ్యవసాయ విద్యార్థికైనా మొదటి ఏడాది ఇంగ్లీషు తప్పనిసరి. మెకెల్లె, బహిర్ దార్, గోండార్, జిమ్మా, హవాసా, హరమాయా విశ్వవిద్యాలయాల్లో కొలువులు ఇలా వచ్చాయి.

కొత్తగా వెళ్లినవారు ముందు గడియారం చదవడం నేర్చుకోవాలి. ఇథియోపియాలో గంటల లెక్క సూర్యోదయం నుంచి మొదలవుతుంది. విద్యార్థి ‘రెండు గంటలకు క్లాసు’ అంటే మన లెక్కలో ఉదయం ఎనిమిది. ఏడాదికి పదమూడు నెలలు, సంవత్సరం మనకంటే ఏడెనిమిదేళ్లు వెనుక. ఆ దేశం 2000 సంవత్సరంలో అడుగుపెట్టింది మన 2007 సెప్టెంబరు 12న. నియామక పత్రంలో కాంట్రాక్టు ముగిసే తేదీ ఏ పంచాంగం ప్రకారమో చూసుకోకపోతే చిక్కులు తప్పవు.

తరగతిలో మాత్రం పరాయితనం తక్కువ. ఎనిమిదో తరగతి వరకు అమ్హారిక్‌లోనో ఒరోమోలోనో చదివి హఠాత్తుగా ఇంగ్లీషులో పడ్డ పిల్లల భయం, తెలుగు మీడియం నుంచి ఇంటర్‌లో ఇంగ్లీషు మీడియంకు మారిన డెల్టా లెక్చరర్‌కు కొత్తది కాదు. అర్థమైనా నోరు విప్పలేకపోవడం, వాక్యాన్ని ముందు సొంత భాషలో అనుకుని తర్వాత మార్చుకోవడం, తప్పు పోతే నవ్వుతారన్న బెరుకు – ఇవన్నీ తాను దాటివచ్చినవే. ఈ వలసలో తెలుగు అధ్యాపకుడి అసలు బలం ఇదే.

మాల్దీవులు, అరబ్ దేశాలు, తూర్పు ఆసియా

మాల్దీవుల్లో ధివేహి భాష, ఇస్లాం మినహా మిగిలిన పాఠాలన్నీ ఇంగ్లీషులో సాగుతాయి. జనావాసాలున్న దీవులు సుమారు 190. ప్రతి దీవికీ బడి కావాలి, అన్ని బడులకూ సరిపడా స్థానిక టీచర్లు లేరు. బి.ఇడి. చేసిన కేరళ, తమిళనాడు, ఆంధ్ర, తెలంగాణ యువతకు అక్కడ ఇలా చోటు దొరికింది. కొన్ని వందల కుటుంబాలున్న చిన్న దీవిలో టీచరును ఎరగనివారు ఉండరు. ఊరికి వెళ్లాలంటే పడవ ఎక్కాలి, వాతావరణం కలిసిరావాలి.

సౌదీ, ఒమన్‌లలో తీరు వేరు. అక్కడ డిగ్రీకి ముందు సన్నాహక సంవత్సరంలో ఇంగ్లీషు గట్టిగా నేర్పుతారు, ఆ విభాగాలకే అధ్యాపకులు కావాలి. తూర్పు ఆసియాలో పాస్‌పోర్టే అడ్డు. దక్షిణ కొరియా ఇంగ్లీషు టీచర్ వీసాను ఏడు దేశాల పౌరులకే పరిమితం చేసింది. 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత్–కొరియా ఒప్పందం, ఉపాధ్యాయ శిక్షణ పట్టా ఉన్న భారతీయులకు కొంత వెసులుబాటు కల్పించింది.

నియామకం

దరఖాస్తు, ఇంటర్వ్యూ, డెమో క్లాసు, ఆఫర్ లెటర్, పట్టాల అటెస్టేషన్, మెడికల్, వీసా – ఇదీ వరస. అటెస్టేషన్‌కే ఎక్కువ తిరుగుడు. పట్టాను ముందు రాష్ట్ర స్థాయిలో ధ్రువీకరించాలి, తర్వాత విదేశాంగ శాఖ, అవసరమైతే ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర వేయాలి. 2005 నుంచి భారత్‌లో అపోస్టిల్ ఒప్పందం ప్రకారం ఒకే ముద్రతో ధ్రువీకరించే విధానం ఉండటంతో, ఆ ఒప్పందంలో ఉన్న దేశాలకు వెళ్లేవారికి చివరి మెట్టు తప్పింది.

ఆపదలు

2011లో లిబియా అంతర్యుద్ధం వేల మంది భారతీయులను వెనక్కి పంపింది. 2015 జులైలో అక్కడి సిర్తే విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న నలుగురు భారతీయులు అపహరణకు గురయ్యారు. ఇద్దరు కర్ణాటకవారు రెండు రోజుల్లో బయటపడగా, ఇద్దరు తెలుగు అధ్యాపకులు ఏడాదికి పైగా బందీలుగా ఉండి 2016 సెప్టెంబరులో విడుదలయ్యారు. 2020 నవంబరులో ఇథియోపియాలోని తిగ్రాయ్‌లో యుద్ధం మొదలైనప్పుడు మెకెల్లె, అడిగ్రాట్, ఆక్సుమ్ విశ్వవిద్యాలయాలున్న నేలే రణరంగమైంది. అంతకుముందు మే నెలలో, కోవిడ్ వేళ, మాల్దీవుల రాజధాని మాలె నుంచి 698 మంది భారతీయులను ఐ.ఎన్.ఎస్. జలాశ్వ నౌక కొచ్చి చేర్చింది. యుద్ధం రాని చోట కరెన్సీ దెబ్బతీసింది. 2024 జులైలో ఇథియోపియా తన కరెన్సీ బిర్‌ను మార్కెట్ రేటుకు వదిలేయగా దాని విలువ కొద్ది నెలల్లోనే సగానికి పడిపోయింది.

నేటి స్థితి

ఇథియోపియా సొంత అధ్యాపకులను తయారుచేసుకుంటోంది. వారిలో కొందరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే పిహెచ్.డి. చేసి వెళ్లారు. గల్ఫ్ దేశాలు స్థానికులకు ప్రాధాన్యం ఇస్తున్నాయి. ఒక దేశం ఇంగ్లీషును బోధనా భాషగా ఎంచుకుని, తన టీచర్లు తయారయ్యేదాకా బయటివారిని పిలవడం, తయారయ్యాకో, కరెన్సీ పడిపోయాకో ఆ దారి సన్నబడడం – నైజీరియా నుంచి నేటిదాకా కనిపించే క్రమం ఇదే. కాబట్టి ఏ ఒక్క దేశమూ ఈ వృత్తికి శాశ్వత ఆశ్రయం కాదు.

వెళ్లదలచినవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. పట్టభద్రులకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు కాబట్టి వారి అగ్రిమెంటును ప్రభుత్వ అధికారి ముందుగా పరిశీలించడు. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ–మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవాలి. జీతం ఏ కరెన్సీలో ఇస్తారు, ఎంత ఇంటికి పంపుకోవచ్చు, తిరుగు టికెట్ ఎవరిది అన్నవి కాగితం మీద ఉన్నాకే సంతకం పెట్టాలి.