పంటికింద పలుకు.. పరిశ్రమకు సరుకు
పాలచక్కెర స్ఫటికంతో అటు నష్టం, ఇటు లాభం

* ఐస్‌క్రీమ్‌లో ఇసుకలా తగిలేది లాక్టోజే
* చల్లార్చే తీరును బట్టే పలుకు పరిమాణం
* పనీరు నీరు పారబోస్తే చెరువులకు ముప్పు

మాదాపూర్: 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి పరిసరాల రూపురేఖలు మారిపోయాయి. సాఫ్ట్‌వేర్ సంస్థల వెంటే వసతిగృహాలు, భోజనశాలలు, ఐస్‌క్రీమ్ దుకాణాలు వెలిశాయి. పనీరు కూర, ఐస్‌క్రీమ్, కండెన్స్‌డ్ మిల్కుతో చేసే మిఠాయిలు ఇక్కడివారికి నిత్యకృత్యమయ్యాయి. వీటన్నింటి తయారీలోనూ ప్రమేయం గల పదార్థం ఒకటుంది. అదే లాక్టోజ్, అనగా పాలచక్కెర. అది ఎక్కడ, ఎంత పరిమాణంలో స్ఫటికంగా మారుతుందన్న దానిపైనే అనేక పాల ఉత్పత్తుల నాణ్యత ఆధారపడి ఉంటుంది. అదుపు తప్పితే అది పంటికింద రాయి అవుతుంది. అదుపులో ఉంచితే విలువైన సరుకవుతుంది.

కరగడానికి మొరాయించే చక్కెర
ఆవుపాలలో సుమారు 4.7 శాతం, గేదెపాలలో సుమారు 5 శాతం లాక్టోజ్ ఉంటుంది. దీని తీపి మామూలు పంచదార తీపిలో ఐదో వంతు నుంచి మూడో వంతు మాత్రమే. నీటిలో కరిగే గుణమూ తక్కువే. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 100 గ్రాముల నీరు 200 గ్రాములకు పైగా పంచదారను కరిగించుకోగలదు. అదే నీటిలో లాక్టోజ్ కరిగేది సుమారు 21 గ్రాములే. 60 డిగ్రీలకు వేడిచేస్తే సుమారు 59 గ్రాముల వరకు కరుగుతుంది. అంటే వేడిగా ఉన్నప్పుడు కరిగి ఉన్న లాక్టోజ్ చల్లారేకొద్దీ నీటిలో ఇమడలేక బయటపడుతుంది. అలా బయటపడినది పలుకులుగా కూడుకోవడమే స్ఫటికీకరణ. సూక్ష్మదర్శినిలో చూస్తే ఈ స్ఫటికాలు చిన్న గొడ్డలి ఆకారంలో కనిపిస్తాయి.

నెయ్యి పూసకట్టినట్లే
ఈ సూత్రం తెలుగు ఇళ్లకు కొత్తది కాదు. కాచిన నెయ్యిని కదపకుండా నెమ్మదిగా చల్లారనిస్తే పెద్ద పూస కడుతుంది. వెంటనే ఫ్రిజ్‌లో పెడితే పూస లేకుండా గడ్డకడుతుంది. పాకంలో దారం వేలాడదీసి నిదానంగా చల్లార్చితే పటికబెల్లం కడుతుంది. లాక్టోజ్‌దీ ఇదే తీరు. నెమ్మదిగా చల్లార్చితే తక్కువ సంఖ్యలో పెద్ద పలుకులు ఏర్పడతాయి. వేగంగా చల్లార్చి, బాగా కలియదిప్పి, ముందుగానే మెత్తని లాక్టోజ్ పొడిని విత్తనంలా చల్లితే లెక్కకు మించిన చిన్న పలుకులు ఏర్పడతాయి. ఏ ఉత్పత్తికి ఏ పద్ధతి అన్నది తెలిసి ఉండటమే డెయిరీ నిపుణుల నేర్పు.

ఐస్‌క్రీమ్‌లో ఇసుక ఎందుకు?
ఐస్‌క్రీమ్‌లో నీరు మంచుగా మారేకొద్దీ మిగిలిన ద్రవంలో లాక్టోజ్ సాంద్రత పెరుగుతుంది. ద్రవం బాగా చిక్కబడి ఉండటం వల్ల స్ఫటికం వెంటనే ఏర్పడదు. అయితే రవాణాలో గానీ, దుకాణంలో విద్యుత్తు పోయినప్పుడు గానీ ఐస్‌క్రీమ్ కొంత మెత్తబడి తిరిగి గడ్డకడితే లాక్టోజ్‌కు పలుకుగా మారే అవకాశం చిక్కుతుంది. నోట్లో ఇసుకలా తగిలేది అదే. ఐస్ పలుకు నాలుకపై ఇట్టే కరిగిపోతుంది. లాక్టోజ్ పలుకు మాత్రం త్వరగా కరగదు. ఈ రెండింటినీ గుర్తించే తేడా ఇదే.

ఖర్చు తగ్గించుకునేందుకు పాలపొడి మోతాదు పెంచినా ఈ లోపం తలెత్తుతుంది. వెన్న తీసిన పాలపొడిలో సుమారు సగం లాక్టోజే ఉండటం అందుకు కారణం. గోరుచిక్కుడు జాతి గింజల నుంచి తీసే గ్వార్ గమ్ వంటి పదార్థాలు స్ఫటికాల ఎదుగుదలను కొంతవరకు అడ్డుకుంటాయి. మైనస్ 18 డిగ్రీలు, అంతకంటే తక్కువ ఉష్ణోగ్రతలో నిలకడగా నిల్వ చేయడమే అసలైన రక్ష.

విత్తనం వేసి పలుకు కట్టిస్తారు
కండెన్స్‌డ్ మిల్కులో స్ఫటికాన్ని ఆపడం సాధ్యం కాదు. అందులో నీరు తక్కువ, పంచదార ఎక్కువ కావడంతో లాక్టోజ్‌లో సగానికి పైగా బయటపడి తీరుతుంది. అందుకే అది తమకు అనుకూలంగా బయటపడేలా తయారీదారులు చూసుకుంటారు. చిక్కబరచిన పాలను సుమారు 30 డిగ్రీలకు చల్లార్చి, మెత్తగా నూరిన లాక్టోజ్‌ను అతి స్వల్పంగా చల్లి గట్టిగా కలియదిప్పుతారు. దీంతో పలుకులు 10 మైక్రాన్లలోపే ఆగిపోతాయి. ఆ పరిమాణంలో నాలుకకు తెలియవు. 30 మైక్రాన్లు దాటితే రవ్వలా తగులుతాయి.

పాలవిరుగుడు నీటితో తయారుచేసే వే పొడికీ ఇదే జాగ్రత్త అవసరం. ఎండబెట్టడానికి ముందే అధిక భాగం లాక్టోజ్‌ను స్ఫటికంగా మార్చకపోతే ఆ పొడి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానకాలంలో సంచిలోనే రాయిలా గట్టిపడుతుంది.

విరుగుడు నీటి నుంచి చక్కెర
చీజ్, పనీరు తీయగా మిగిలే నీటిని పరిశ్రమలో 'వే' అని పిలుస్తారు. పాలలోని లాక్టోజ్‌లో అత్యధిక భాగం అందులోకే చేరుతుంది. ముందుగా ఈ నీటి నుంచి మాంసకృత్తులను వడపోసి వేరుచేస్తారు. శూన్యపీడనంలో ఆవిరిచేసి ఘనపదార్థం సుమారు 60 శాతానికి చేరేలా చిక్కబరుస్తారు. తరువాత పెద్ద తొట్లలో నెమ్మదిగా, దాదాపు ఒక రోజు పాటు చల్లారుస్తారు. ఇక్కడ కావలసింది పెద్ద పలుకులు. చిన్నవైతే కడిగేటప్పుడు నీటితో పాటే కొట్టుకుపోతాయి. ఏర్పడిన పలుకులను వేగంగా తిరిగే యంత్రంలో వేరుచేసి, చల్లని నీటితో కడిగి, ఆరబెట్టి పొడిచేస్తారు. 100 లీటర్ల వేలో 4 నుంచి 5 కిలోల లాక్టోజ్ ఉన్నా అంతా చేతికి రాదు. కొంత మిగులు ద్రవంలోనే ఉండిపోతుంది.

ఔషధ తయారీకి వాడే రకాన్ని తిరిగి కరిగించి, బొగ్గుపొడితో రంగు తొలగించి, మరోసారి స్ఫటికీకరిస్తారు. మాత్రలలో మందు మోతాదు మిల్లీగ్రాములలో ఉన్నప్పుడు మాత్రకు తగిన పరిమాణం ఇచ్చేది ఇటువంటి లాక్టోజే. ఔషధ పరిశ్రమకు పేరుగాంచిన హైదరాబాద్‌కు ఈ చక్కెరతో సంబంధం ఐస్‌క్రీమ్‌తోనే ముగిసిపోదు.

పారబోస్తే ముప్పే
100 కిలోల పాలతో పనీరు చేస్తే 80 కిలోలకు పైగా నీరు మిగులుతుంది. దాని ఆక్సిజన్ అవసరం, అనగా బీవోడీ, లీటరుకు 30 వేల నుంచి 50 వేల మిల్లీగ్రాములు ఉంటుంది. ఇళ్ల మురుగునీటితో పోల్చితే ఇది 100 రెట్లకు పైమాటే. శుద్ధిచేసిన వ్యర్థజలాన్ని చెరువులు, వాగులలోకి వదలడానికి సాధారణ పరిమితి లీటరుకు 30 మిల్లీగ్రాములు మాత్రమే. దుర్గం చెరువు వంటి జలాశయాలకు మురుగు బెడద కొత్తది కాదు. లాక్టోజ్ నిండిన నీరు కూడా కాలువపాలైతే సూక్ష్మజీవులు దానిని తింటూ నీటిలోని ప్రాణవాయువును హరిస్తాయి. చేపలకు ఊపిరాడదు.

చిన్న కేంద్రాలకు సాధ్యమేనా?
ఆవిరి యంత్రాలు, ఇంధనం ఖర్చు దృష్ట్యా చిన్న పనీరు కేంద్రాలు సొంతంగా లాక్టోజ్ తీయడం గిట్టుబాటు కాదు. పైగా పనీరు నీటిలో ఆమ్లం, లవణాలు ఎక్కువగా ఉండి స్ఫటికానికి అడ్డుపడతాయి. చీజ్ నీరే ఇందుకు అనువైనది. తెలుగు రాష్ట్రాలలో సేకరించే పాలు ప్రధానంగా పాలు, పెరుగు రూపంలోనే అమ్ముడవుతుండగా, చీజ్ తయారీలో గుజరాత్, మహారాష్ట్ర ముందున్నాయి.

2023లో రావిర్యాల వద్ద విజయ మెగా డెయిరీ ప్రారంభమైంది. కామారెడ్డి, తిరుపతిలలో డెయిరీ టెక్నాలజీ కళాశాలలున్నాయి. పాలు శుద్ధిచేసే వసతికి, చదువుకున్న యువతకు ఇక్కడ కొరత లేదు. పనీరు నీటిని తాజాగా చల్లబరిచి ఒకచోటికి చేర్చే ఏర్పాటు ఉంటేనే దానికి విలువ వస్తుంది. ఆలోగా చపాతీ పిండి కలపడానికి, పానీయాల తయారీకి, పరిమితంగా పశువుల దాణాలోకి దీనిని వాడుకోవచ్చు. రైతు పోసిన పాలలోని ఘనపదార్థంలో దాదాపు మూడో వంతు ఉండేది ఈ చక్కెరే. దానిని కాలువపాలు చేయడమంటే పాడి రైతు కష్టాన్ని పారబోయడమే.