వాతకంటకం: మడమలోని ముల్లు

ముల్లు దిగకపోయినా దిగినట్టే సలిపే మడమ నొప్పికి ఆయుర్వేదం పెట్టిన పేరు వాతకంటకం. కంటకం అంటే ముల్లు. సుశ్రుత సంహిత నిదానస్థానం మొదటి అధ్యాయంలో, వాతవ్యాధుల వరసలో, ఈ మాట ఉంది. అడుగు ఎగుడుదిగుడుగా పడటమే కారణమని కూడా అక్కడే చెప్పారు. ముంచింగిపుట్టు కొండదారుల్లో తలమీద బరువుతో సంతకు దిగే ఆడవాళ్లను చూస్తే అది ఎంత నిజమో అర్థమవుతుంది. ఒక కాలు రాయి మీద, రెండోది జారే మట్టిలో, కింద అరిగిపోయిన హవాయి చెప్పు.

ఇవాళ డాక్టర్లు దీన్ని ప్లాంటార్ ఫేషియైటిస్ అంటున్నారు. లాటిన్‌లో ప్లాంటా అంటే అరికాలు, ఫేషియా అంటే పట్టీ. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా ఉండే ఈ పట్టీ ఒత్తిడికి దెబ్బతింటుంది. రాత్రంతా బిగుసుకుపోయి ఉంటుంది కాబట్టి పొద్దున మంచం దిగి వేసే తొలి అడుగు ప్రాణం తీస్తుంది. ఎక్స్‌రేలో మడమ కింద ఎముక ముల్లులా పెరిగినట్టు కనబడితే చాలామంది భయపడతారు. కానీ నొప్పి లేనివాళ్లలో కొందరికీ అది ఉంటుంది.

నొప్పి తగ్గాలంటే మంచం దిగకముందే కాలివేళ్లను చేత్తో వెనక్కి లాగి పది అంకెలు లెక్కపెట్టాలి, అలా పదిసార్లు. గోడకు చేతులు ఆన్చి పిక్కలు సాగదీయాలి. మెత్తటి చెప్పులు ఇంట్లోనూ వేసుకోవాలి. కొన్నాళ్లు బరువులు మోయకూడదు. కొండమీద బతికేవాళ్లకు అన్నిటికంటే కష్టమైనది ఇదే, కాబట్టి ఆ బరువును ఇంట్లోవాళ్లు పంచుకోవాలి. చాలామందికి ఏడాదిలోపు తగ్గుతుంది. వాపు, జ్వరం, తిమ్మిరి ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.