గడ్డిలో గాలం: కొర్రమీను కోసం గేర్ ఎలా మారింది?

పోయిన ఎపిసోడ్ తర్వాత ఎక్కువ మంది అడిగింది ఒకటే ప్రశ్న. "అన్నా, మా చెరువు నిండా గుర్రపు డెక్క. కొర్రమీనుకి ఏ రాడ్ కొనాలి, ఏ దారం కొనాలి?" నాలుగు లింకులు పెట్టి వదిలేయొచ్చు. కానీ ఈ సామాన్లలో ఒక్కొక్కటి ఏ ఇబ్బంది వల్ల పుట్టిందో తెలిస్తే, ఏది కొనాలో మీరే తేల్చుకుంటారు. అందుకే ఇవాళ షాపింగ్ పక్కన పెట్టి చరిత్ర చూద్దాం.

ముందు చేప సంగతి. ఖమ్మం నుంచి వైరా, సత్తుపల్లి మీదుగా అశ్వారావుపేట దాకా, ఇటు కొత్తగూడెం, పాల్వంచ దాటి భద్రాచలం అడవి దాకా, ఏ చెరువు దగ్గర అడిగినా చేపల్లో మొదట చెప్పే పేరు కొర్రమీను. మన తెలంగాణ రాష్ట్ర చేప కూడా అదే. దీనికి మొప్పలు ఒక్కటే చాలవు. తల లోపల గాలి పీల్చుకునే ప్రత్యేకమైన అర ఉంటుంది. అందుకే కాసేపటికోసారి పైకొచ్చి గాలి మింగి తీరాలి. మిగతా చేపలు ఊపిరాడక చచ్చే మురికి గుంటలో, ఎండిపోతున్న బురదలో కూడా ఇది బతికేది అందుకే. నీడ, వేట, దాక్కునే చోటు మూడూ గడ్డిలోనే దొరుకుతాయి కాబట్టి ఇది గడ్డి వదలదు. తామర, జమ్ము, తూటికాడ, నాచు: ఇదే దాని ఇల్లు.

అంటే మన ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్ ఇదీ: చేప గడ్డిలో ఉంది, గాలం గడ్డికి తగులుకుంటుంది. దీనికి మనుషులు ఏం చేశారు?

మొదటి జవాబు గాలమే వాడకపోవడం. గడ్డి మధ్య దారి చూసి వెదురు మావు పెట్టారు. లోతు తక్కువ నీళ్లలో నడుస్తూ, అడుగు లేని ఊత బుట్టని చేప మీద బోర్లించి, పై కంత లోంచి చెయ్యి పెట్టి తీశారు. తగులుకునే ముల్లే లేదు కాబట్టి గడ్డితో పేచీ లేదు.

గాలం వాడినవాళ్ల సంగతి కూడా పాతదే. కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో 'మానసోల్లాసం' అనే సంస్కృత గ్రంథం రాయించాడు. అప్పటికి మన తెలంగాణలో చాలా భాగం ఆ రాజ్యంలోదే, కాకతీయులు ఇంకా వాళ్ల సామంతులే. రాజుల వినోదాల గురించి రాసిన ఆ గ్రంథంలో 'మత్స్య వినోదం' అని ఒక అధ్యాయం ఉంది. కర్ర, దారం, గాలం ఎలా ఉండాలి, ఏ చేపకి ఏ ఎర పెట్టాలి, ఇవన్నీ అందులో ఉన్నాయి. చేపని బట్టి సామాను ఎంచుకోవాలన్న ఆలోచన యూట్యూబ్ కంటే తొమ్మిది వందల ఏళ్లు పెద్దది!

బ్రిటిష్ వాళ్లు వచ్చాక లెక్క మారింది. మద్రాస్ సివిల్ సర్వీస్ అధికారి హెచ్.ఎస్. థామస్ 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే పుస్తకం మంగళూరులో అచ్చు వేయించాడు. అందులో పెద్దపీట మహసీర్‌ది. పారే నీళ్లు, రాళ్లు, పొడవాటి రాడ్: అది దొరల ఆట. ఊరి చెరువు గడ్డిలో కొర్రమీను పట్టే పని ఊరోళ్లకే మిగిలింది. వాళ్ల పద్ధతి సింపుల్. గట్టి వెదురు గడ, దానికి లావుపాటి పొట్టి దారం, పెద్ద గాలం, ఎరగా కప్ప. గడ్డిలో కంత చూసి కప్పని అందులో ఆడించడం, పడగానే నిలువుగా పైకి లేపడం. దారం పొట్టిగా ఎందుకు? చేపకి గడ్డిలోకి దూరి చుట్టుకునే టైమ్ ఇవ్వకుండా!

ఇప్పుడు సీన్‌లోకి గుర్రపు డెక్క వస్తుంది. దీని సొంతూరు దక్షిణ అమెరికా, అమెజాన్ ప్రాంతం. పూలు ముచ్చటగా ఉన్నాయని తోటల్లో పెంచడానికి మోసుకెళ్లారు. 19వ శతాబ్దం చివరికి ఇటు బెంగాల్లో, అటు అమెరికాలోని ఫ్లోరిడాలో నీళ్ల మీద పరుచుకుంది. బెంగాల్లో పడవలు కదల్లేక, పొలాలు మునిగి, చివరికి 1936లో దీని మీద ఒక చట్టమే చేశారు. మురుగు, ఎరువులు కలిసిన నీళ్లంటే దీనికి పండగ. అందుకే ఇవాళ మన చెరువుల్లో కూడా తిష్ట వేసింది. పాత పొట్టి గడతో ఒడ్డు పక్క కంత అందేది. ఒడ్డు నుంచి ముప్పై అడుగులు డెక్క పరుచుకుంటే గడ ఎక్కడ అందుతుంది?

సరిగ్గా ఇదే తలనొప్పి అమెరికా వాళ్లకీ ఉంది. వాళ్ల చేప పేరు లార్జ్‌మౌత్ బాస్. కొర్రమీనుకి చుట్టం కాదు, గాలి పీల్చదు. కానీ అదీ గడ్డిలోనే మాటు వేస్తుంది, అదీ కప్పని మింగుతుంది. వాళ్లు ఒక్కో ఇబ్బందిని ఒక్కో ముక్కగా తీర్చుకుంటూ వచ్చారు.

దూరం విసరాలి: 1820 ప్రాంతంలో కెంటకీలో జార్జ్ స్నైడర్ అనే గడియారాల మేస్త్రీ, పిడి ఒకసారి తిప్పితే దారం చుట్ట చాలాసార్లు తిరిగేలా పళ్ల చక్రాలతో రీల్ చేశాడు. ఇవాళ్టి బెయిట్‌కాస్టింగ్ రీల్‌కి తాత అదే.

బతికిన కప్ప అక్కర్లేకుండా: 1890ల చివర్లో మిషిగన్‌లో జేమ్స్ హెడ్డన్ అనే తేనెటీగల పెంపకందారు చెక్కతో కప్పలు చెక్కాడు. తర్వాత ఆయన పేరుతో పెద్ద కంపెనీయే నడిచింది.

గడ్డికి తగలకుండా: 1950ల్లో లోపల బోలుగా ఉండే మెత్తటి కప్పలు వచ్చాయి. రెండు ముళ్లూ వీపుని ఆనుకుని పైకి ఉంటాయి. డెక్క మీద లాగితే జారుతుంది. చేప నోరు మూస్తే ఒళ్లు అణిగి ముళ్లు బయటికొస్తాయి. పాత ఊత బుట్ట లాజిక్కే ఇది: ముల్లు గడ్డికి కనపడకూడదు, చేపకే కనపడాలి.

తెగకుండా: 1930ల చివర్లో డ్యూపాంట్ కంపెనీ నైలాన్ తెచ్చింది. చవక, కుళ్లదు. కానీ సాగుతుంది. దూరంగా డెక్క అవతల చేప పట్టినప్పుడు మీరు గుంజింది సగం ఆ సాగుడులోనే పోతుంది. 1990ల్లో వచ్చిన అల్లిక దారం, అదే మనం బ్రెయిడ్ అంటున్నది, దాదాపు సాగదు. పైగా మెత్తటి కాడల్ని కోసుకుంటూ వస్తుంది.

ఇప్పుడు మీ లిస్ట్ మీకే వచ్చేసింది. ఏడడుగుల హెవీ రాడ్, ఎందుకంటే డెక్కతో కలిపి చేపని లేపాలి. 40 నుంచి 50 పౌండ్ల బ్రెయిడ్. వేగంగా చుట్టే రీల్, డ్రాగ్ బాగా బిగించి. బోలు కప్ప. చేప నీళ్లు చిమ్మగానే కంగారుపడి గుంజొద్దు. ఒక్క క్షణం ఆగి, దారం బరువు తెలిశాక గుంజండి.

"అంత లావు దారమా? సన్న దారంతో పడితేనే కదా మగతనం" అనేవాళ్లుంటారు. ఖాళీ నీళ్లలో ఆ మాట నడుస్తుందేమో. గడ్డిలో సన్న దారం తెగితే మీకు పోయేది వంద రూపాయల కప్ప. చేపకి మాత్రం నోట్లో ముల్లు, వెనక పది అడుగుల దారం డెక్కకి చుట్టుకుని ఉంటుంది. పైకొచ్చి గాలి మింగలేకపోతే కొర్రమీను నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. మీకు చేప దక్కలేదు, చెరువుకీ దక్కలేదు. గడ్డిలో గట్టి సామానే దయగల సామాను.

అయితే గట్టి సామానుకి ఇంకో ముఖం ఉంది. వానాకాలంలో గడ్డి మధ్య ఎర్రగా, కుంకుడుకాయ నురగలా చిన్న బుడగలు లేస్తుంటే అది కొర్రమీను పిల్లల గుంపు. కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. గుంపు మీద కప్ప పడితే ఆకలి లేకపోయినా కోపంతో కొడతాయి. పాత గడకి అందని ఆ చోటు ఇవాళ బ్రెయిడ్‌కి అందుతుంది. కాపలా చేపని లాగేస్తే ఆ గుంపంతా మిగతా చేపలకి ఫలహారం. ఒక్క చేప కోసం వందల చేపల్ని పోగొట్టినట్టు. ఎర్ర గుంపు కనపడితే కప్పని అటు విసరకండి, అంతే.

ఇంకో రెండు మాటలు. బతికిన బావురు కప్పని ఎరగా గుచ్చకండి, అది వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఉన్న జీవి. రబ్బరు కప్ప ఉండగా ఆ అవసరమూ లేదు. కిన్నెరసాని అభయారణ్యంలో గాలం ఆలోచనే వద్దు, అక్కడ మొసళ్లు కూడా ఉన్నాయి. ఊరి చెరువైతే చేపల హక్కు మత్స్య సహకార సంఘానిది. పిల్లలు వదిలి పెంచేది వాళ్లు. ముందు వాళ్లని అడగండి. "పెద్దనాన్నా, ఒక గంట కప్ప ఆడించుకుంటా" అంటే చాలాసార్లు ఒప్పుకుంటారు, ఏ మూల కొర్రమీను లేస్తుందో కూడా చూపిస్తారు. ఏ షాపులోనూ దొరకని గేర్ అది.

వచ్చే ఎపిసోడ్‌లో మావు అల్లడం చూద్దాం. మీ ఊళ్లో దానికి ఇంకేదైనా పేరుంటే రాసి పంపండి. ఉంటా ఫ్రెండ్స్.