మమరి ఫలకంపై చంద్రుడు: రొంగొరొంగొ లిపికి పంచాంగ వ్యాఖ్యానం – ఒక పరిశీలన

సారాంశం: రాపా నుయి (ఈస్టర్ దీవి)లో దొరికిన రొంగొరొంగొ చిహ్నాలను నక్షత్రాలతో, మాసాలతో, చంద్రకళలతో ముడిపెట్టి వివరించే ప్రయత్నాలు జరుగుతూనే ఉన్నాయి. వాటిలో మమరి ఫలకంలోని చాంద్రమాన భాగానికి విస్తృతమైన ఆమోదం ఎందుకు దక్కిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ వ్యాఖ్యానానికి బలం చిహ్నాల ఆకారం కాదని, లిపికి వెలుపల నమోదైన రాత్రుల పేర్లని ప్రతిపాదిస్తుంది.

నేపథ్యం

దీవిలోని ఇళ్లలో చిహ్నాలు చెక్కిన కొయ్య ఫలకాలు ఉన్నాయని 1864లో మిషనరీ యూజీన్ ఎరో తెలియజేశాడు. అంతకు కొద్దికాలం ముందే, 1862–63లో, పెరూ నుంచి వచ్చిన ఓడలు దీవివాసులను బానిసలుగా పట్టుకుపోయాయి. తర్వాత మశూచి ప్రబలింది. 1877 నాటికి దీవిలో మిగిలినవారు 111 మంది. చదవగలిగినవారు పోయారు, రాత మిగిలింది. ఈనాడు లభ్యమవుతున్న చెక్కడాలు సుమారు రెండు డజన్లు. వీటిలో ఒక పంక్తి ముగియగానే ఫలకాన్ని తలకిందులుగా తిప్పి తర్వాతి పంక్తి చదవాలి. వీటిలో ఒకటైన మమరి ఫలకం కొయ్య గంగరావి. మన ఊళ్లలో నీడ కోసం పెంచే చెట్టే.

ఆకారం చూపే దారి

చేపలా కనిపించే గుర్తును చేప అనుకోవచ్చు, నక్షత్రరాశి అనీ అనుకోవచ్చు. 1932లో హెవేసీ అనే పరిశోధకుడు ఈ చిహ్నాలను సింధు ముద్రలతో పోల్చాడు. రెండింటి మధ్య వేల ఏళ్ల కాలం, మహాసముద్రాల దూరం ఉన్నాయి. ఆకార సామ్యం ఒక్కటే ఆధారమైతే ఏ అర్థాన్నీ కాదనలేం, ఏదీ రుజువూ కాదు. దీవివాసులకు ఖగోళ జ్ఞానం లేదని కాదు. కృత్తికలను వారు మతరికి అంటారు. నక్షత్రాలను గమనించే బండ ఒకటి ఉండేదని 1914–15లో అక్కడ పరిశోధించిన కాథరిన్ రౌట్లెడ్జ్ నమోదు చేసింది. అయితే ఆ జ్ఞానమే ఫలకాలకు ఎక్కిందనడానికి వేరే సాక్ష్యం కావాలి.

మమరి సాక్ష్యం

అలాంటి సాక్ష్యం చంద్రుడి విషయంలో దొరికింది. 1886లో థామ్సన్, 1934–35లో మెత్రో అనే పరిశోధకులు నెలలోని రాత్రుల పేర్లను దీవివాసుల నోట విని రాసుకున్నారు. కొన్ని రాత్రులకు సొంత పేర్లున్నాయి. మరికొన్నిటిని ‘కోకోరే’ అని వరుస సంఖ్యతో పిలిచేవారు. మమరి ముందు వైపు 6 నుంచి 9వ పంక్తి వరకు నెలవంక గుర్తులు గుంపులుగా వస్తాయి. ఇది చాంద్రమాన పట్టిక అని 1958లో తోమాస్ బార్టెల్ గుర్తించాడు.

1990లో జాక్ గీ దీన్ని మరింత లోతుగా పరిశీలించాడు. ఒకే రకం చిహ్నాల వరుస ఎనిమిదిసార్లు తిరిగివచ్చి నెలను విభజిస్తుంది. ఆ వరుస చివర ఒక చేప ఉంటుంది. పౌర్ణమికి ముందు వచ్చే నాలుగు చోట్లా చేప తల పైకి, తర్వాతి నాలుగు చోట్లా కిందికి ఉంటుంది. శుక్ల, బహుళ పక్షాల తేడా తెలిసిన తెలుగు పాఠకుడికి ఈ అమరిక చెప్పేది వెంటనే అందుతుంది. చాంద్రమాసం సగటున 29.53 రోజులు, దీవి పంచాంగంలో 28 రాత్రులు స్థిరం, అవసరాన్నిబట్టి ఒకటో రెండో చేర్చేవారు. ఆ చేర్పు ఎప్పుడు జరగాలో సూచించేవే ఈ పునరావృత వరుసలని గీ ప్రతిపాదన.

పరిమితులు, ముగింపు

ఇక్కడ స్వతంత్రంగా దొరికిన పేర్ల జాబితా, చిహ్నాల లెక్క, వాటి స్థానం – మూడూ ఒకదాన్నొకటి బలపరుస్తున్నాయి. ఖగోళ వ్యాఖ్యానం ఏదైనా ఈ మూడింటికీ నిలవాలి. పొడవైన పాఠంలో వెతికితే ఏ గ్రహచక్రానికి సరిపడే సంఖ్యైనా ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. అది నిరూపణ కాదు. మమరి విషయంలోనూ తెలిసింది ఆ పంక్తుల ప్రయోజనమే, వాటి ఉచ్చారణ కాదు. అందువల్ల దీన్ని లిపి ఛేదన అనలేం.

ఈ కొద్ది పంక్తులైనా మనకు అర్థమయ్యాయంటే కారణం ఆకాశం ఒక్కటే కాదు. అంతటి విపత్తు దాటి బతికినవారు తమ రాత్రుల పేర్లు మరవలేదు. ఈ లిపి పరిశోధనకు తొలి ఆధారం రాపా నుయి ప్రజల నోటిమాట. ఆ మాటను పక్కనపెట్టి నక్షత్రపటం ముందేసుకుని కూర్చుంటే, ఫలకంపై మనకు కనిపించేది మన ఊహ మాత్రమే.